పెళ్లి షూట్‌కి ముందు కెమెరా మెమరీ కార్డులు చూసుకోండి

ముహూర్తం తెల్లవారుజామునైతే ఈ పని ముందురోజు సాయంత్రమే ముగించండి. తలంబ్రాల వేళ కెమెరా ‘కార్డ్ ఎర్రర్’ అని చూపిస్తే ఆ టెన్షన్ పగవాడికి కూడా వద్దు.

• ఎస్‌డీ మెమరీ కార్డును తిరగేసి వెలుతురులో చూడండి. బంగారు రంగు కాంటాక్టుల మధ్య సన్నని ప్లాస్టిక్ గీతలుంటాయి. ఒక్కటి విరిగినా, అంచు విచ్చుకున్నా పక్కన పెట్టేయండి. ఫెవిక్విక్‌తో అతికించి వాడేవాళ్లూ ఉన్నారు! అది స్లాట్‌లో ఇరుక్కుంటే కెమెరా కూడా రిపేరుకే.

• కార్డు పక్కనుండే చిన్న లాక్ మీట వదులైతే, కార్డును లోపలికి తోసేటప్పుడు దానంతటదే జారి లాక్ పడిపోతుంది, ఇక ఫొటోలు ఎక్కవు. అలాంటిదీ వద్దు.

• పాత ఫొటోలు రెండు చోట్ల కాపీ అయ్యాయా? నాలుగైదు తెరిచి చూశాకే కార్డును ఫార్మాట్ (మొత్తం ఖాళీ) చేయండి, అదీ వాడబోయే కెమెరాలోనే.

• కొత్తది కోఠి గుజరాతీ గల్లీలో కొన్నా, సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో కొన్నా బిల్లు అడగండి. పైన 128 జీబీ అని ఉన్నా నకిలీ కార్డులో అంత చోటుండదు. నిండాక పాత ఫైళ్లను చెరిపేస్తుంది. కంప్యూటర్‌లో హెచ్‌2టెస్ట్‌డబ్ల్యూ (H2testw) అనే ఉచిత ప్రోగ్రాంతో కార్డు మొత్తం నింపి, తిరిగి చదివించండి. గంట పైనే పట్టొచ్చు, పట్టనివ్వండి. వీడియోకి కార్డుపై వీ30 (V30) గుర్తు చూడండి: సెకనుకు కనీసం 30 ఎంబీ రాయగలదని అర్థం.

• కార్డులో రాస్తున్నట్టు చూపే కెమెరా లైటు వెలుగుతుండగా కార్డు లాగొద్దు.

• షూట్ మధ్యలో మొరాయిస్తే ఆ కార్డులో ఇంకొక్క ఫొటో కూడా తీయకండి, ఫార్మాట్ అసలే వద్దు. కార్డు తీసి, చిన్న డబ్బాలో విడిగా పెట్టి, రికవరీకి (ఫొటోలు వెనక్కి తీసేవాళ్లకు) ఇవ్వండి.