పీవీసీ పైపు లీకు మీరే బాగు చేసుకోవడం ఎలా? ముందు తడి ఆరనివ్వండి

పైపు లీకవగానే మన గోదావరి జిల్లాల ఇళ్ళల్లో జరిగేది ఒకటే. సైకిల్ ట్యూబు ముక్క కోసి చుట్టేస్తారు, అదీ ఉరుస్తుంటే పైన తాడు బిగిస్తారు, ఆ పైన సీలు ముద్ద మెత్తుతారు. కొన్నాళ్ళకి గోడ పెచ్చులూడాక ప్లంబర్‌కి ఫోన్లు. పాడైన ముక్క కోసి కొత్తది అతికించడానికి గంట కూడా పట్టదు, ఆరే టైము వేరే.

నేను చెప్పేది తెల్ల పీవీసీ పైపు సంగతి. పాత ఇనప పైపులయితే, ముఖ్యంగా రాజోలు, నరసాపురం వైపు బోరు నీళ్ళు ఉప్పగా ఉండే ఊళ్ళలో, ఒక చోట ఆపితే ఇంకో చోట కారుతుంది. ఆ లైను మొత్తం పీకించేయండి, అతుకులతో కాలక్షేపం చేయొద్దు.

సామాను పెద్దగా లేదు: హ్యాక్సా బ్లేడు, ఉప్పు కాగితం, పైపు ముక్క, ఒక కప్లరు (రెండు పైపు కొసల్ని కలిపే పొట్టి గొట్టం), ఒక యూనియన్ (రింగు తిప్పి బిగించే, విప్పే జాయింటు), పీవీసీ అతికించే సొల్యూషన్ చిన్న డబ్బా. మూతకి బ్రష్షు ఉన్న డబ్బానే కొనండి, ట్యూబులో వచ్చేది వద్దు. సైజు నోటితో చెప్పకుండా కోసిన ముక్క కొట్టుకి పట్టుకెళ్ళండి. గీజరుకి వెళ్ళే లేత పసుపు సీపీవీసీ, తెల్ల పైపు రెండూ ముప్పావు ఇంచు అనే అంటారు గానీ బయటి కొలత వేరు, ఒకదాని కప్లరు ఇంకోదానికి పట్టదు. సొల్యూషన్ కూడా వేరే.

గేటు వాల్వు కట్టేసి, పగులుకి అటూ ఇటూ రెండేసి వేళ్ళ మేర ఎక్కువ కోయండి, పగులు కంటికి కనిపించే దానికన్నా పొడుగ్గానే ఉంటుంది. కోత వంకర పోకూడదు. కొసలు లోపలా బయటా ఉప్పు కాగితంతో రుద్దండి.

అందరూ పాడుచేసేది ఇక్కడి నుంచే. సొల్యూషన్ జిగురులా మధ్యలో ఉండి పట్టుకునేది కాదు, పైపునీ కప్లరునీ కాస్త కరిగించి రెండింటినీ ఒకటి చేస్తుంది. తడి ఉంటే ఆ కరగడం సరిగ్గా జరగదు. పైకి గట్టిపడినట్టే ఉంటుంది, ట్యాంకు నిండిన రాత్రి మళ్ళీ చుక్కలు మొదలు. పాత గేటు వాల్వులు ఉప్పూ, ఒండ్రూ పట్టి పూర్తిగా మూసుకోవు, సన్నగా నీళ్ళు దిగుతూనే ఉంటాయి. ట్యాంకు ఖాళీ చేయమంటే, వేసవిలో కాలువలు కట్టేసి నీళ్ళకి కటకటగా ఉన్నప్పుడు ఎవరికీ మనసొప్పదు, నిజమే. బకెట్లు, డ్రమ్ములు, గంగాళాలు అన్నీ నింపుకుని ఖాళీ చేయండి. కింది కుళాయి తిప్పి, పై అంతస్తు కుళాయిలు కూడా తెరిచి పెట్టండి, గాలి లోపలికి పోతేనే పైపులో నిలిచిన నీళ్ళు దిగుతాయి.

అయినా చుక్క ఆగలేదా? బ్రెడ్డు తెల్లభాగం ఉండ చేసి పైపులోకి లోతుగా తోయండి. అతుకు పూర్తయ్యేదాకా నీళ్ళు పీల్చుకుంటుంది, తర్వాత నాని కుళాయిలోంచి పోతుంది, ఆ కుళాయి జల్లెడ మాత్రం ముందే విప్పి ఉంచాలి. గుడ్డ కుక్కితే అది లోపలే ఉండిపోతుంది, ఆ పని చేయకండి. పాత నూలు పంచె ముక్కతో తుడిచి, ఎండు కాగితం చుట్టి చూడండి. కాగితం మెత్తబడిందంటే ఇంకా తడి ఉన్నట్టే, ఆగండి. వానాకాలం అయితే ఇంకాసేపు ఆగండి.

కొందరు కప్లరు డబ్బులు మిగులుతాయని కొబ్బరాకుల మంట మీద పైపు కొస కాల్చి రెండోది దోపుతారు. చేలో ఇంజను పైపుకి చెల్లుతుందేమో గానీ, ఇంట్లో పైపు మీద ట్యాంకు బరువు రాత్రింబవళ్ళు ఉంటుంది, కాల్చి సాగదీసిన చోట గోడ పలచబడి అక్కడే చీలుతుంది.

ఇక అతకడం. రెండు కొసలూ గోడలో బిగిసి ఉంటే రెండు కప్లర్లు పట్టవు, పైపు జరగదు కదా. అందుకే ఒక పక్క కప్లరు, ఇంకో పక్క యూనియన్. యూనియన్ రింగు ముందే పైపుకి తొడగాలి, అతికించాక గుర్తొస్తే మళ్ళీ కోయడమే. కప్లరు లోపల పలచగా, పైపు మీద కాస్త దండిగా రాయండి. ఎక్కువైతే లోపలికి నెట్టుకుపోయి గడ్డ కట్టి దారి మూస్తుంది. పావు చుట్టు తిప్పుతూ చివరిదాకా దోపి 30 సెకన్లు అలాగే నొక్కి పట్టుకోండి, వదిలేస్తే కప్లరు వెనక్కి తోస్తుంది. యూనియన్ రబ్బరుకి సొల్యూషన్ తగలనివ్వొద్దు, దాన్ని చేత్తో బిగిస్తే చాలు.

మర్నాడు పొద్దున దాకా నీళ్ళు వదలకండి. డబ్బా మీద ఇంకా తక్కువ టైము రాసి ఉన్నా వినకండి. తర్వాత వాల్వు కొంచెం కొంచెంగా తిప్పి, కుళాయిలు బుసబుసలాడడం ఆగాక కట్టేసి, అతుకు చుట్టూ ఎండు కాగితం చుట్టి కాసేపు వదిలేయండి. కప్లరు దగ్గర తడిస్తే మళ్ళీ కోయాలి. యూనియన్ దగ్గరయితే రబ్బరు సరిచేసి ఇంకో అర చుట్టు బిగించండి.