మనోవిజ్ఞాన పరిశోధనను మూలంలో చదవడం ఎలా?

విజయవాడ, గుంటూరు ప్రాంతాల్లో మనోవిజ్ఞాన శాస్త్రంతో చాలామందికి తొలి పరిచయం టెట్, డీఎస్సీ సిలబస్ ద్వారానే కలుగుతుంది. బీఈడీ, డీఈఎల్‌ఈడీ చదివేవారు పియాజే దశలను, థార్న్‌డైక్ నియమాలను, ఎబ్బింగ్‌హాస్ విస్మృతి వక్రాన్ని బిట్ల రూపంలో కంఠతా పట్టి పరీక్ష గట్టెక్కుతారు. పరీక్షకు అది సరిపోతుంది, అందులో తప్పు పట్టవలసింది లేదు. అయితే అదే విద్యార్థి రేపు ప్రాజెక్టు రిపోర్టు రాయవలసి వచ్చినప్పుడో, పీజీలో డిసర్టేషన్‌కు అంశం ఎంచుకోవలసి వచ్చినప్పుడో, తరగతి గదిలో నిలబడి పిల్లలకు ఎలా చదివితే గుర్తుంటుందో చెప్పవలసి వచ్చినప్పుడో, ఆ మాట ఎవరు చెప్పారు, ఎవరి మీద పరీక్షించి చెప్పారు, ఎలా కొలిచారు అన్నది తెలియకపోతే చేతిలో ఆధారం లేనట్టే. అసలు పరిశోధన పత్రం చదవడం ప్రొఫెసర్ల పని అనుకుని చాలామంది ఆ వైపు వెళ్ళరు. ఒక ఫోను, కొంత ఓపిక, ఇంటర్మీడియట్ స్థాయి ఇంగ్లిష్ ఉన్న ఎవరైనా ఆ పని చేయగలరని నా గట్టి నమ్మకం.

ముందుగా మీ నోట్సులోంచే ఒక చిన్న విషయాన్ని ఎంచుకోండి. ఎబ్బింగ్‌హాస్‌నే తీసుకుందాం. నేర్చుకున్నది కాలం గడిచేకొద్దీ ఎలా మరుపుకు వస్తుందో చూపుతూ ఆయన 1885లో ప్రచురించిన ఫలితం మన పుస్తకాల్లో ఒక వక్రరేఖగా, దాని కింద కొన్ని శాతాలుగా కనిపిస్తుంది. పరిశోధన పత్రాలను వెదికిపెట్టే గూగుల్ స్కాలర్ తెరిచి ఆయన పేరుతో పాటు ‘ఫర్‌గెటింగ్ కర్వ్’ (విస్మృతి వక్రం), ‘రెప్లికేషన్’ (అదే ప్రయోగాన్ని మళ్ళీ చేసి చూడడం) అనే మాటలను ఇంగ్లిష్‌లో టైపు చేయండి. ఆమ్‌స్టర్‌డామ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు మూరె, డ్రోస్ 2015లో ప్లాస్ వన్ పత్రికలో ప్రచురించిన పత్రం మీకు దొరుకుతుంది. ఆ పత్రికను ఎవరైనా ఉచితంగా చదువుకోవచ్చు కాబట్టి పూర్తి పాఠం వెంటనే తెరుచుకుంటుంది.

తెరిచాక పై నుంచి కింది దాకా వరసగా చదవబోయి మధ్యలో ఆగిపోవడం కొత్తవారికి సహజం. అలా కాకుండా మొదట సారాంశం చదవండి, ఆ వెంటనే ఫలితాలు వదిలేసి ‘పద్ధతి’ భాగానికి వెళ్ళండి. ఈ పత్రంలో ఒకే ఒక్క వ్యక్తి 70 గంటలపాటు అర్థరహిత పదాంశాల జాబితాలు నేర్చుకుని, 20 నిమిషాలు, గంట, 9 గంటలు, ఒక రోజు, 2 రోజులు, 31 రోజుల విరామాల తర్వాత వాటిని మళ్ళీ నేర్చుకున్నట్టు ఉంటుంది. ఎబ్బింగ్‌హాస్ కూడా తన ప్రయోగంలో తనను తానే పరీక్షించుకున్నాడు. కొలత సంగతి ఇంకా ముఖ్యం. ఆయన వాడింది పొదుపు పద్ధతి. ఒక రోజు తర్వాత పొదుపు సుమారు 34 శాతం అంటే, మిగిలిన 66 శాతం మనసులోంచి చెరిగిపోయిందని అర్థం కాదు, మొదటిసారి నేర్చుకోవడానికి పట్టిన శ్రమలో దాదాపు మూడో వంతు రెండోసారి ఆదా అయిందని అర్థం. ‘ఒక్క రోజులో మూడింట రెండు వంతులు మరచిపోతాం’ అని తరగతుల్లో తరచుగా వినిపించే మాటకూ దీనికీ ఎంత తేడా ఉందో చూడండి. పైగా అవి అర్థం లేని పదాంశాలు. శాతవాహనుల పాఠమో, కిరణజన్య సంయోగక్రియో అదే వేగంతో మరుపుకు వస్తుందని ఈ ప్రయోగం చెప్పదు. 2015 పత్రం పాత వక్రాన్ని మొత్తం మీద ధ్రువీకరిస్తూనే, అది పూర్తిగా నునుపైన రేఖ కాదనీ, 24 గంటల దగ్గర కొంచెం పైకి లేస్తున్నట్టుందనీ కూడా చెబుతుంది. ఈ చివరి మాట ఏ గైడులోనూ కనబడదు, మూలానికి వెళ్ళినవారికే దొరుకుతుంది.

అన్ని పత్రాలూ ఇంత సులువుగా తెరుచుకోవు. చాలా పత్రికలు ఒక్క పత్రానికే వేల రూపాయలు అడుగుతాయి. ఎవరూ ఆ డబ్బు కట్టనక్కర్లేదు. గూగుల్ స్కాలర్‌లో పత్రం పేరుకు కుడి వైపు పీడీఎఫ్ లంకె ఉందేమో చూడండి, లేకపోతే కింద ఉండే ‘ఆల్ వెర్షన్స్’ నొక్కండి. రచయితలు తమ విశ్వవిద్యాలయ పేజీలో పెట్టుకున్న ప్రతి చాలాసార్లు అక్కడ బయటపడుతుంది. పత్రికలో రాకముందు రచయితలే ఉంచే ముసాయిదాల కోసం 2016లో మొదలైన సైఆర్కైవ్ ఉంది. వైద్యానికి దగ్గరగా ఉండే అంశాలకు పబ్‌మెడ్ సెంట్రల్ అనే ఉచిత పత్రాల భాండాగారం ఉపయోగపడుతుంది. కంప్యూటరు వాడేవారు అన్‌పేవాల్ అనే ఉచిత సాధనాన్ని బ్రౌజరుకు జోడించుకుంటే, చట్టబద్ధమైన ఉచిత ప్రతి ఎక్కడైనా ఉంటే అదే చూపిస్తుంది.

కేంద్ర ప్రభుత్వం 2025 జనవరి 1 నుంచి అమలు చేస్తున్న ‘వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్’ పథకం గురించి మన దగ్గర విద్యార్థులకు ఇంకా తగినంతగా తెలియలేదు. 30 ప్రచురణ సంస్థలకు చెందిన దాదాపు 13,000 పత్రికలను ప్రభుత్వ ఉన్నత విద్యాసంస్థల విద్యార్థులకు, అధ్యాపకులకు అందుబాటులోకి తెచ్చే పథకం ఇది. గుంటూరు, విజయవాడల మధ్య ఉన్న ఆచార్య నాగార్జున విశ్వవిద్యాలయంలోనో, ప్రభుత్వ డిగ్రీ కళాశాలలోనో చదివేవారు తమ గ్రంథపాలకుణ్ణి కలిసి లాగిన్ ఎలా పొందాలో అడగాలి. ప్రైవేటు కళాశాలలు మొదటి దశలో లేవు గనుక, అక్కడ చదివేవారు పైన చెప్పిన దారులనే వాడుకోవాలి.

అవేవీ పనిచేయకపోతే రచయితకే మెయిల్ రాయండి. పత్రం మొదటి పేజీలో చిరునామా ఉంటుంది. ‘నేను గుంటూరులో బీఈడీ చదువుతున్నాను, ఫలానా సంవత్సరంలో వచ్చిన మీ పత్రం నా ప్రాజెక్టుకు అవసరం, వీలైతే ఒక ప్రతి పంపగలరా’ అని మర్యాదగా మూడు వాక్యాలు రాస్తే చాలు. పత్రం అడిగితే సంతోషించే రచయితలే ఎక్కువ. ఇందులో మొహమాటపడవలసింది ఏమీ లేదు.

ఇప్పుడు విద్యార్థికి నేరుగా పనికివచ్చే ఒక పత్రాన్ని దగ్గరగా చూద్దాం. రోడిగర్, కార్పిక్ అనే ఇద్దరు పరిశోధకులు అమెరికాలోని సెయింట్ లూయిస్ వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో చేసిన ప్రయోగం 2006లో వెలువడింది. 120 మంది డిగ్రీ విద్యార్థులు సూర్యుడి గురించి, సముద్రపు నీటికుక్కల గురించి రాసిన చిన్న వ్యాసాలను ఏడేసి నిమిషాలు చదివారు. తర్వాత ఒక వ్యాసాన్ని మరో ఏడు నిమిషాలు తిరిగి చదివారు, రెండో వ్యాసాన్ని మళ్ళీ చూడకుండా గుర్తున్నదంతా తెల్ల కాగితం మీద రాశారు. వారిలో కొందరికి 5 నిమిషాల తర్వాత, కొందరికి 2 రోజుల తర్వాత, మిగిలినవారికి వారం తర్వాత చివరి పరీక్ష పెట్టారు. 5 నిమిషాలకు పెట్టిన పరీక్షలో తిరిగి చదివిన వ్యాసం సగటున 81 శాతం, చూడకుండా రాసిన వ్యాసం 75 శాతం గుర్తుంది. రెండు రోజులకు ఆ అంకెలు 54, 68గా తారుమారయ్యాయి. వారానికి 42, 56 అయ్యాయి. అంటే తిరిగి చదవడం అప్పటికప్పుడు మేలు చేసినట్టు కనిపించి, రోజులు గడిచేకొద్దీ వెనకబడింది. రెండో ప్రయోగంలో, పదేపదే చదివినవారే తమకు ఎక్కువ గుర్తుంటుందని ముందుగా అంచనా వేసుకున్నారు, వారం తర్వాతి పరీక్షలో వారికే తక్కువ గుర్తుంది.

ఈ అంకెలు చదివినప్పుడు మన హాస్టళ్ళలోని స్టడీ అవర్లు నాకు గుర్తుకు వస్తాయి. మూడేసి గంటలు పుస్తకం ముందు కూర్చుని అదే పేజీని అండర్‌లైన్ చేస్తూ పదే పదే చదివే పిల్లలు సోమరులు కారు, కష్టపడుతున్నారు. పుస్తకం మూసి, ఖాళీ కాగితం మీద గుర్తున్నది రాసి, తర్వాత తెరిచి తప్పులు సరిచూసుకోమని వారికి చెప్పేవారు ఉండాలి. డన్‌లోస్కీ బృందం 2013లో పది రకాల చదివే పద్ధతులను సమీక్షించినప్పుడు, ఇలా తనను తాను పరీక్షించుకోవడానికీ, ఒకేసారి కాకుండా రోజుల విరామంతో విడతలుగా చదివే పద్ధతికీ (మనం విరామ అభ్యసనం అని చదువుకునేది) మాత్రమే అత్యధిక ప్రయోజనం ఉన్నట్టు తేల్చింది. గీతలు గీసుకోవడం, తిరిగి చదవడం అట్టడుగు శ్రేణిలో నిలిచాయి.

ఒక్క పత్రం చదివి నిర్ణయానికి రాకండి. అదే ప్రయోగాన్ని వేరేవారు మళ్ళీ చేశారా, వారికీ అదే ఫలితం వచ్చిందా అని తప్పక వెదకాలి. 2015లో సైన్స్ పత్రికలో వచ్చిన ఒక పెద్ద అధ్యయనంలో వంద మనోవిజ్ఞాన ప్రయోగాలను తిరిగి చేసి చూశారు. మూల పత్రాల్లో 97 శాతం గణాంకపరంగా సార్థకమైన, అంటే కేవలం యాదృచ్ఛికమని కొట్టిపారేయలేని, ఫలితాలను చూపగా, తిరిగి చేసినప్పుడు 36 శాతమే అలా నిలిచాయి. మిగిలినవన్నీ మోసమని దీనికి అర్థం కాదు, చిన్న నమూనాల మీద పెద్ద మాటలు చెప్పడంలో ఉన్న ప్రమాదాన్ని ఇది చూపుతుంది.

ప్రేరణ ప్రసంగాల్లో విరివిగా వినిపించే మార్ష్‌మెల్లో పరీక్ష ఇందుకు మంచి ఉదాహరణ. మిఠాయి ముందు పెట్టినా ఆగగలిగిన చిన్నపిల్లలు పెద్దయ్యాక చదువులో రాణిస్తారన్న ఆ ఫలితం స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ ప్రాంగణంలోని నర్సరీ పిల్లల మీద వచ్చింది. 2018లో వాట్స్, డంకన్, క్వాన్ 900 మందికి పైగా పిల్లల సమాచారంతో తిరిగి చూస్తే ఆ సంబంధం సగానికి తగ్గింది. కుటుంబ నేపథ్యాన్ని, పిల్లల తొలినాటి తెలివితేటలను లెక్కలోకి తీసుకుంటే అందులోనూ మూడింట రెండు వంతులు పోయింది. తినకుండా ఆగలేని పిల్లవాడిని చూసి వాడి భవిష్యత్తు చెప్పే టీచరుకు ఈ పత్రాన్ని తప్పకుండా చూపించాలి. విద్యార్థిని దృశ్య రకం, శ్రవణ రకం అని విడదీసి ఆ ప్రకారం బోధిస్తే మేలు జరుగుతుందనే మాటకు కూడా తగిన ఆధారం లేదని పాష్లర్ బృందం 2008లోనే చూపింది.

పాల్గొన్నవారు ఎవరన్నది మరో ముఖ్యమైన ప్రశ్న. మనస్తత్వ పరిశోధనల్లో అత్యధిక భాగం పాశ్చాత్య సంపన్న దేశాల విద్యావంతుల మీదే జరుగుతోందని, దాన్ని మానవజాతి మొత్తానికి వర్తింపజేయడం సరికాదని హెన్రిచ్, హైన్, నోరెంజయన్ 2010లో వివరంగా రాశారు. కాబట్టి మన దేశంలో జరిగిన పనిని విడిగా వెదకండి. బిహార్‌లోని నలందా జిల్లా ఉన్నత పాఠశాలల్లో జరిగి 2018లో లాన్సెట్‌లో వచ్చిన సెహెర్ అధ్యయనం చదవదగినది. అందులో బడి వాతావరణాన్ని, విద్యార్థుల ఆరోగ్యాన్ని మెరుగుపరచే ఒకే కార్యక్రమాన్ని కొన్ని బడుల్లో శిక్షణ పొందిన సాధారణ కౌన్సెలర్లు, కొన్ని బడుల్లో ఉపాధ్యాయులే నడిపారు. కౌన్సెలర్లు నడిపిన చోట బడి వాతావరణం మెరుగుపడింది, ఉపాధ్యాయులు నడిపిన చోట ఆ మార్పు రాలేదు. మన పాఠశాలల్లో ఉపాధ్యాయుడి మీద ఎన్ని పనులు పడుతున్నాయో తెలిసినవారికి ఈ తేడా ఆలోచించవలసిన విషయం. భారతీయ పీహెచ్‌డీ సిద్ధాంత గ్రంథాలకు శోధ్‌గంగ అనే వెబ్‌సైటు ఉంది. వాటి నాణ్యత ఒక్కటిగా ఉండదు, కానీ మన పిల్లల మీద వాడిన ప్రశ్నావళులు అనుబంధాల్లో దొరుకుతాయి.

పునాది బలహీనంగా ఉందనిపిస్తే 11, 12 తరగతుల ఎన్‌సీఈఆర్‌టీ సైకాలజీ పుస్తకాలను ముందు చదవండి, వాటిని ఉచితంగా డౌన్‌లోడ్ చేసుకోవచ్చు. ఆ తర్వాత ఓపెన్‌స్టాక్స్ పాఠ్యపుస్తకం, నోబా పాఠాలు, పీజీవారికి ఈ-పీజీ పాఠశాల ఉన్నాయి. సాంకేతిక పదాలకు తెలుగు మాటలు కావాలంటే తెలుగు అకాడమీ పుస్తకాలను దగ్గర పెట్టుకోండి.

ఇక సొంతంగా ఒక చిన్న ప్రయోగం. టీచింగ్ ప్రాక్టీసుకు వెళ్ళిన బడిలో పిల్లలు చదవని ఒక తెలుగు గద్య భాగాన్ని ఎంచుకుని, అందులోని భావాలను ఇరవైగా విడదీసి, ఒక్కో భావానికి ఒక మార్కు పెట్టుకోండి. గుంపులను బెంచీలను బట్టి విడదీయకండి, ముందు బెంచీలవారు మొదటే వేరుగా ఉండవచ్చు. చీటీలు తీసి సగం మందిని తిరిగి చదివే గుంపులో, సగం మందిని చూడకుండా రాసే గుంపులో వేయండి. రెండు గుంపులకూ ఒకే సమయం ఇవ్వండి. వారం తర్వాత పరీక్ష పెట్టి, ఏ కాగితం ఏ గుంపుదో తెలియని మిత్రుడి చేత దిద్దించండి. లెక్కలకు జాస్ప్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ చాలు. ఏమి ఆశిస్తున్నారో, ఏది ఎలా లెక్కిస్తారో ముందుగానే ఓపెన్ సైన్స్ ఫ్రేమ్‌వర్క్ అనే ఉచిత వెబ్‌సైటులో నమోదు చేసుకుంటే ఫలితం వచ్చాక మాట మార్చే అవకాశం మీకే ఉండదు. నలభై మంది పిల్లలతో వచ్చిన తేడా యాదృచ్ఛికమే కావచ్చునని రిపోర్టులో స్పష్టంగా రాయండి.

ప్రధానోపాధ్యాయుల అనుమతి, తల్లిదండ్రుల సమ్మతి, పిల్లవాడి ఇష్టం, ఈ మూడూ లేకుండా ఏదీ మొదలుపెట్టకండి. పట్టికల్లో పేర్లకు బదులు సంకేత సంఖ్యలు ఉంచండి. ఒత్తిడి, దిగులు కొలిచే ప్రశ్నావళులను ఇంటర్నెట్‌లో దొరికాయి కదా అని పిల్లలకు పంచవద్దు. వాటి జవాబులను ఎలా అర్థం చేసుకోవాలో శిక్షణ పొందినవారికే తెలుస్తుంది, పైగా ఎవరైనా బాధ బయటపెడితే ఏమి చేయాలో ముందే నిర్ణయించుకుని ఉండాలి. అలాంటి సందర్భం ఎదురైతే పరిశోధన పక్కన పెట్టి పిల్లవాడి మాట వినండి, బడి పెద్దలకు చెప్పండి, 24 గంటలూ పనిచేసే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ సేవ టెలి మానస్ నంబరు 14416కు ఫోన్ చేయించండి. అక్కడ తెలుగులో మాట్లాడవచ్చు.