సెకండ్‌హ్యాండ్ కమడోర్ 64లో బొమ్మ తేడాగా వస్తుంటే ఎక్కడ మొదలుపెట్టాలి

కమడోర్ 64 చేతికి రాగానే టీవీకి తగిలించి స్విచ్ వేసేద్దాం అనిపిస్తుంది, దయచేసి ఆగండి. 1982లో వచ్చిన హోమ్ కంప్యూటర్ ఇది, దాంతోపాటు వచ్చిన అడాప్టర్ కూడా అంతే పాతదై ఉంటుంది, అందులో 5 వోల్టుల రెగ్యులేటర్ పోయినప్పుడు కరెంటు ఆగిపోవడం కాదు, వోల్టేజ్ పెరుగుతుంది. అలా పెరిగిందంటే లోపల ర్యామ్ (మెమొరీ) చిప్పులు కాలిపోతాయి. అందుకే ముందు అడాప్టర్‌ని ఒక్కదాన్నే ప్లగ్‌లో పెట్టి మల్టీమీటర్‌తో చూడండి, 5వ పిన్ ప్లస్, 2వ పిన్ గ్రౌండ్. డిన్ అనే ఈ గుండ్రటి ప్లగ్‌లో నంబర్లు వరసగా ఉండవు కాబట్టి పిన్‌ల బొమ్మ పక్కన పెట్టుకోండి. 4.75 నుంచి 5.25 లోపు ఉంటే సరే, అంతకంటే ఎక్కువ చూపిస్తే ఆ అడాప్టర్ పక్కన పడేసి కొత్తది తీసుకోండి, ఇక్కడ డబ్బులు మిగుల్చుకోవద్దని నా గట్టి అభిప్రాయం. 6, 7 పిన్‌ల మధ్య 9 వోల్టుల ఏసీ కూడా రావాలి.

అమెరికా నుంచి చుట్టాలెవరైనా తెచ్చిచ్చిన మెషీన్ అయితే ఇంకో సంగతి ఉంది, దాని అడాప్టర్ 110-120 వోల్టులది, మన 230లో పెట్టారంటే అంతే. పైగా దాని బొమ్మ ఎన్‌టీఎస్‌సీ అనే అమెరికా టీవీ సిగ్నల్ పద్ధతిలో వస్తుంది, మన పాత టీవీలది పాల్ అనే వేరే పద్ధతి, అందువల్ల రంగులు రాకపోయినా బొమ్మ పైకి కిందకి జారుతున్నా మెషీన్ తప్పు కాకపోవచ్చు. కొన్ని ఎల్‌సీడీ టీవీలు కూడా ఈ సిగ్నల్‌ని సరిగ్గా పట్టుకోవు, వీలైతే పాత డబ్బా టీవీ మీద ఒకసారి చూసి, వీడియో కేబుల్ మార్చి, అప్పుడు మూత విప్పండి.

ఇక స్క్రీన్ ఏం చెప్తుందో చూద్దాం. లైట్ వెలుగుతుంది కానీ స్క్రీన్ నల్లగా ఉందంటే అందరూ ముందు వీడియో చిప్‌ని అనుమానిస్తారు, కానీ చాలాసార్లు పోయేది పీఎల్ఏ అనే చిప్ (ఏ చిప్ ఎప్పుడు పనిచేయాలో చూసేది), లేదంటే ర్యామ్. వాటికంటే ముందు లోపల ఉండే చిన్న ఫ్యూజ్ చూడండి, ఎందుకంటే ఆ లైట్ 5 వోల్టుల మీద వెలుగుతుంది, పాత పెద్ద బోర్డుల్లో వీడియో భాగానికి మాత్రం 9 వోల్టుల ఏసీ కావాలి, ఫ్యూజ్ పోతే లైట్ ఉంటుంది, బొమ్మ ఉండదు.

నీలం స్క్రీన్ వచ్చిందనుకోండి, అక్కడ 38911 బేసిక్ బైట్స్ ఫ్రీ అని ఉండాలి. ఆ నంబర్ తక్కువ ఉందంటే స్విచ్ వేయగానే మెషీన్ చేసుకునే ర్యామ్ టెస్ట్ మధ్యలో ఆగిపోయిందన్నమాట, అంటే ర్యామ్‌లో ఎక్కడో పాడైంది.

అక్షరాలు మారిపోవడం నాకు చాలా ఇష్టమైన క్లూ. ఎక్కువ పాత బోర్డుల్లో ర్యామ్ 8 చిప్పుల్లో ఉంటుంది, ఒక్కో చిప్ ప్రతి బైట్‌లోని 8 బిట్‌లలో ఒక్కో బిట్‌ని చూసుకుంటుంది, కాబట్టి ఒక చిప్‌లో కొంత భాగం చెడితే తప్పు కూడా ఒక పద్ధతిలో వస్తుంది. ఖాళీగా ఉండాల్సిన చోట ! గుర్తులు కనిపిస్తే అది బిట్ 0, ఎందుకంటే స్క్రీన్ కోడ్‌లో (ఒక్కో గుర్తుకి మెషీన్ వాడే నంబర్) ఖాళీకి 32, ! కి 33, తేడా 1. ఖాళీ చోట $ వస్తే 36, తేడా 4, అంటే బిట్ 2. అలా కాకుండా ఒకే అక్షరం స్క్రీన్‌లో ఎక్కడ పడినా ఒకేలా విరిగి కనిపిస్తుంటే అక్షరాల ఆకారాలు ఉండే క్యారెక్టర్ రోమ్ (ROM) చిప్‌ని చూడండి. అక్షరాలు బాగానే ఉండి రంగులు మాత్రమే అక్కడక్కడ మారిపోతూ మెరుస్తుంటే 2114 అనే కలర్ ర్యామ్ మీద నా అనుమానం. ఇక స్క్రీన్ నిండా నిలువుగా సన్నటి చారలు లేతగా కనిపిస్తే కంగారు పడకండి, చాలా బోర్డుల్లో అవి పుట్టుకతోనే ఉంటాయి.

టంకం తీసే ముందు చవకైన పనులు చేయండి. బేస్‌ల్లో కూర్చున్న చిప్పుల్ని మెల్లగా లేపి కాళ్ళు ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి మళ్ళీ నొక్కండి, చాలా గ్లిచ్‌లు ఇక్కడే పోతాయి. తర్వాత రెండు నిమిషాలు ఆన్‌లో ఉంచి ర్యామ్ చిప్పుల మీద వేలు పెట్టి చూడండి, మిగతావి గోరువెచ్చగా ఉండి ఒకటి చురుక్కుమందంటే దొంగ అదే. వీడియో చిప్, సౌండ్ చిప్ మామూలుగానే బాగా వేడెక్కుతాయి, వాటిని చూసి మోసపోకండి. ర్యామ్‌ని పరీక్షించే డెడ్ టెస్ట్ కార్ట్రిడ్జ్ దొరికితే ఇంకా సులువు, ఆఫ్‌లో ఉన్నప్పుడు పెట్టి ఆన్ చేస్తే స్క్రీన్ ఎన్నిసార్లు మెరుస్తుందో దాన్నిబట్టి పోయిన చిప్ తెలుస్తుంది, 8 ర్యామ్ చిప్పుల బోర్డులో ఒకసారి అయితే బోర్డు మీద యూ12 అని రాసి ఉన్నది, ఎనిమిది సార్లు అయితే యూ21.

మార్చేటప్పుడు ఆ చిప్ ఎలాగూ పోయిందే కాబట్టి దాని కాళ్ళు ముందే కత్తిరించేసి, ఒక్కో కాలు విడిగా వేడి చేసి లాగండి, మొత్తం చిప్‌ని ఒకేసారి పీకితే బోర్డు మీద రాగి గీతలు లేచిపోతాయి, ఆ తర్వాత రిపేర్ చాలా కష్టం. హైదరాబాద్ వాళ్ళకి ఐసీ బేస్‌లు, సోల్డర్ వైర్ లాంటివి కోఠి గుజరాతీ గల్లీలో దొరుకుతాయి. కొత్త 4164 ర్యామ్ చిప్‌ని నేరుగా టంకం పెట్టకుండా బేస్ వేసి అందులో కూర్చోబెట్టండి, చిప్ మీద గాడి పక్క చిప్పుల గాడి వైపే ఉందో లేదో స్విచ్ వేసే ముందు ఇంకోసారి చూసుకోండి.