పిప్పిపన్ను ముప్పు చెప్పే న్యూరల్ నెట్‌వర్క్: తప్పు ఎక్కడ దొర్లుతుంది, ఎలా సరిచేయాలి

ఎక్స్‌రేలో ఇప్పటికే ఉన్న పుచ్చును పట్టుకోవడం ఒక పని. ఇవాళ కుర్చీలో కూర్చున్న మనిషికి రాబోయే రెండేళ్లలో కొత్తగా పుచ్చు వస్తుందా అని చెప్పడం వేరే పని. ఇక్కడ రాస్తున్నది ఆ రెండోదాని గురించి. మోడల్ (పాత రికార్డుల నుంచి నేర్చుకుని అంచనా చెప్పే న్యూరల్ నెట్‌వర్క్ ప్రోగ్రామ్) తప్పుతోందనగానే చాలామంది లేయర్లు (దాని లెక్కల పొరలు) పెంచడం, లెర్నింగ్ రేట్ (నేర్చుకునే వేగం) మార్చడం మొదలుపెడతారు. నేను చూసినంతలో జబ్బు అక్కడ ఉండేది తక్కువ. అంచనా వేసే రోజుకు మనకు ఏం తెలుసు, ఆ తర్వాత ఏం తెలిసింది అన్న గీత చెరిగిపోవడమే ఎక్కువసార్లు అసలు కారణం.

సమస్య: టెస్టులో అద్భుతం, క్లినిక్‌లో చతికిలపడింది

కారణం: జవాబు ముందే డేటాలోకి దూరింది. రికార్డుల్లో "మొత్తం ఫిల్లింగులు" అనే గడి ఉందనుకుందాం. పేషెంట్ వచ్చిన ప్రతిసారీ సాఫ్ట్‌వేర్ పాత అంకె చెరిపి కొత్తది రాస్తుంది. 2021లో అక్కడ 2 ఉండేది. 2023లో ఇంకో పంటికి ఫిల్లింగ్ వేశారు, గడిలో 3 పడింది. 2021 నాటి వివరాలు అనుకుని మనం తీసిన వరుసలో ఆ 3 కూర్చుని ఉంటే, పరీక్షకు ముందే మోడల్ చేతికి పేపర్ అందినట్టే.

పరిష్కారం: ప్రతి పేషెంట్‌కూ ఒక లెక్క తేదీ పెట్టుకోండి. చెరిపి రాసే గడులు వదిలేసి, ఆ తేదీకి ముందు నమోదైన చికిత్స ఎంట్రీల నుంచే ఫీచర్లన్నీ (మోడల్‌కు ఇచ్చే వివరాలు) మళ్లీ లెక్కకట్టండి. ఏదో ఒక్క ఫీచర్ తీసేయగానే ఫలితం దారుణంగా పడిపోతే, అది ఏ రోజున నింపిన గడో ముందు కనుక్కోండి.

ఇదే లక్షణానికి ఇంకో కారణం కూడా ఉంది. ఒకే నోటి కుడివైపు బైట్‌వింగ్ (వెనక పళ్ల ఎక్స్‌రే) మోడల్ నేర్చుకునే ట్రైనింగ్ భాగంలో, ఎడమవైపుది దాన్ని పరీక్షించే టెస్ట్ భాగంలో పడితే మోడల్ ఆ నోటిని గుర్తుపడుతుందే తప్ప ముప్పును నేర్చుకోదు. డేటాను పళ్ల వారీగానో ఎక్స్‌రేల వారీగానో కాకుండా పేషెంట్ వారీగా విడగొట్టండి. వీలైతే ఒకే ఇంటి తోబుట్టువులను ఒకే వైపు ఉంచండి, వాళ్ల తిండి అలవాట్లు దాదాపు ఒకటే కాబట్టి.

సమస్య: 90 శాతం కరెక్ట్ అంటోంది, కానీ ఎవరికీ ముప్పు ఉందని చెప్పదు

నూరుమందిలో పదిమందికే పుచ్చు వస్తే, అందరికీ "రాదు" అని చెప్పినా 90 మార్కులు పడతాయి. ఆక్యురసీ పక్కన పెట్టి, నిజంగా పుచ్చు వచ్చినవాళ్లలో ఎందరిని పట్టిందో, అది హెచ్చరించినవాళ్లలో ఎందరికి వచ్చిందో చూడండి. పుచ్చు వచ్చినవాళ్ల వరుసలను కాపీలు చేసి పెంచాలనుకుంటే డేటాను విడగొట్టాకే, అదీ ట్రైనింగ్ భాగంలోనే చేయండి. అలా పెంచాక మోడల్ చెప్పే శాతాలు ఉబ్బిపోతాయి. "80 శాతం ముప్పు" అన్న పదిమందిలో నలుగురికే పుచ్చు వస్తోందంటే ఆ అంకెను పేషెంట్‌కు చూపించకూడదు. ముట్టుకోకుండా దాచిన కొంత డేటాతో కాలిబ్రేట్ చేశాకే, అంటే చెప్పే శాతం నిజంగా జరిగేదానితో సరిపోయేలా సరిదిద్దాకే, చూపించాలి.

సమస్య: కొత్త పుచ్చు లేనిచోట ఉన్నట్టు, ఉన్నచోట లేనట్టు లేబుల్స్ (మోడల్‌కు నేర్పే జవాబులు)

నేను ఎక్కువ సమయం పెట్టమనేది ఇక్కడే. పుచ్చు నల్లటి గుంతగా మొదలవదు. ఎనామెల్‌లో (పంటి పైపొరలో) ఖనిజం కరిగి ముందు తెల్లటి మచ్చ వస్తుంది. పుచ్చు తీవ్రతను అంకెల్లో చెప్పే ఐసీడీఏఎస్ పద్ధతిలో కోడ్ 1 మచ్చ తడి పంటిమీద కనిపించదు. పంటిని శుభ్రం చేసి, ఐదు సెకన్లు గాలి పట్టి ఆరబెడితేనే బయటపడుతుంది. మొదటి విజిట్‌లో చూసిన డాక్టర్ ఆరబెట్టలేదు, రెండో విజిట్‌లో చూసిన డాక్టర్ ఆరబెట్టారు. రికార్డులో "కొత్త పుచ్చు" అని పడింది. పంటిలో మాత్రం ఏ మార్పూ లేదు.

డీఎంఎఫ్‌టీ లెక్కలోనూ ఇలాంటి చిక్కులున్నాయి. 1938 నుంచి వాడుకలో ఉన్న ఈ సూచిక పుచ్చిన, పోయిన, ఫిల్లింగ్ పడిన పళ్లను కలుపుతుంది. పన్ను పోవడానికి చిగుళ్ల జబ్బు, దెబ్బ, క్లిప్పుల కోసం పీకించడం కూడా కారణాలే. విరిగిన పంటికీ ఫిల్లింగ్ వేస్తారు.

పరిష్కారం: దేన్ని పుచ్చు అంటామో ముందే రాసిపెట్టుకోండి. పరీక్షించే పద్ధతి ఇద్దరిదీ ఒకటి కాకపోతే తెల్లమచ్చలు వదిలేసి, డెంటిన్ (ఎనామెల్ కింది పొర) దాకా వెళ్లిన పుచ్చునే లెక్కించడం మేలు. కొంతమంది పేషెంట్లను ఇద్దరు డాక్టర్లు విడివిడిగా చూసి, కాపా విలువ (ఇద్దరి తీర్పులు ఎంత కలిశాయో చెప్పే అంకె) తీయాలి. డాక్టర్ల మధ్యే పొత్తు కుదరనప్పుడు నెట్‌వర్క్ నేర్చుకోవడానికి ఏమీ ఉండదు.

ఇంకో చిక్కు: మళ్లీ రాని పేషెంట్లు. వాళ్లను "పుచ్చు రాలేదు" ఖాతాలో వేయడం పెద్ద పొరపాటు. వచ్చిందో లేదో మనం చూడలేదు, అంతే. చివరిసారి చూసిన తేదీ దాకానే లెక్కలోకి తీసుకునే సర్వైవల్ పద్ధతి వాడండి. అలాగే "నోరు ఎండిపోతుందా" అన్న గడి ఖాళీగా ఉంటే "లేదు" అని నింపకండి. "అడగలేదు" అని వేరే కోడ్ ఇవ్వండి.

సమస్య: ఫ్లోరైడ్ వార్నిష్ (పుచ్చు రాకుండా పళ్లకు పూసే మందు) వేయించుకున్నవాళ్లకే ముప్పు ఎక్కువ అంటోంది

కారణం: ముప్పు ఉందని డాక్టర్‌కు అనిపించినవాళ్లకే వార్నిష్ వేస్తారు. మోడల్ నేర్చుకున్నది డాక్టర్ అనుమానాన్ని, వార్నిష్ చేసే పనిని కాదు. దీనికి తిరగేసిన రూపం ఇంకా ప్రమాదకరం. ముప్పున్న మనిషికి వార్నిష్ వేశారు, పుచ్చు రాలేదు, మోడల్ "ఇలాంటివాళ్లకు భయం లేదు" అని నేర్చుకుంది. ఆ మాట నమ్మి వార్నిష్ ఆపితే నష్టపోయేది పేషెంట్.

పరిష్కారం: అంచనా పక్కన "మామూలుగా చేసే చికిత్స కొనసాగితే" అని స్పష్టంగా రాయండి. చికిత్స ఆపవచ్చా అన్న ప్రశ్నకు ఈ మోడల్‌తో జవాబు చెప్పకండి. దానికి వేరే అధ్యయనం కావాలి.

సమస్య: ఇంత కష్టపడినా పాత పుచ్చుల లెక్కను మించడం లేదు

ఇది తప్పు కాకపోవచ్చు. ఇదివరకు పుచ్చు వచ్చిందా అన్నదే భవిష్యత్తును బాగా చెప్పే ఒంటరి సూచిక. వందల్లోనే పేషెంట్లుంటే లాజిస్టిక్ రిగ్రెషన్ అనే సాదా గణాంక పద్ధతితో పోల్చండి, సమానంగా వస్తే అదే వాడండి. నెట్‌వర్క్‌కు కొత్త సంగతి అందాలంటే కొత్త సమాచారం కావాలి. లాలాజలం ఎంత ఊరుతోంది, నోరు ఎండబెట్టే మందులేమైనా వాడుతున్నారా, తీపి రోజుకు ఎన్నిసార్లు నోట్లో పడుతోంది, ఇవి అడగండి. తీపి తిన్న ప్రతిసారీ పాచిలో పీహెచ్ పడిపోతుంది, అంటే ఆమ్లం పెరుగుతుంది. సుమారు 5.5 కిందికి దిగితే ఎనామెల్ కరగడం మొదలవుతుంది. అందుకే ఎంత తిన్నారు అనేదానికంటే ఎన్నిసార్లు తిన్నారు అనే గడి ఎక్కువ పనికొస్తుంది. పాత పుచ్చులే లేని చిన్నపిల్లల విషయంలో అన్నిటికంటే బలమైన ఆ ఫీచర్ ఖాళీ కాబట్టి, వాళ్ల ఫలితాలు విడిగా తీసి చూడండి.