బైపాస్ ఆపరేషన్‌కు ముందు మెదడు విషయంలో తీసుకోవలసిన జాగ్రత్తలు

ఆపరేషన్ తేదీ ఖరారయ్యాక అందరి దృష్టీ గుండె మీదే ఉంటుంది. మెదడుకు అందే ఆక్సిజన్ గురించి అడిగేవారు తక్కువ. అమెరికాలోని డ్యూక్ విశ్వవిద్యాలయ వైద్యులు 2001లో ప్రచురించిన అధ్యయనంలో, బైపాస్ చేయించుకున్నవారిలో 53 శాతం మందికి డిశ్చార్జి నాటికి, 24 శాతం మందికి ఆరు నెలల తర్వాత జ్ఞాపకశక్తి, ఏకాగ్రత వంటివి తగ్గినట్లు తేలింది.

– గతంలో కొద్ది నిమిషాలపాటైనా మాట తడబడినా, మూతి వంకరపోయినా, చేతిలోని గ్లాసు జారిపోయినా, తగ్గిపోయింది కదా అని దాచవద్దు. మెడలోని రక్తనాళాలు పూడుకున్నాయనడానికి అది సూచన కావచ్చు. ముందే తెలిస్తే, ఆ నాళాల్లో రక్తప్రవాహాన్ని చూసే డాప్లర్ స్కాన్ పరీక్ష చేసి, ఆపరేషన్‌లో రక్తపోటును ఏ మేరకు నిలపాలో నిర్ణయిస్తారు.

– నిద్రమాత్రలు, మద్యం అలవాట్లను ఉన్నదున్నట్లు చెప్పాలి. అవి ఒక్కసారిగా ఆగితే రెండు మూడు రోజుల్లో రోగి ఐసీయూలో గొట్టాలు పీకేసుకునేంత అయోమయంలో పడవచ్చు, కనుక సొంతంగా మానేయడమూ ప్రమాదమే.

– హిమోగ్లోబిన్ తక్కువగా ఉంటే, వ్యవధి ఉన్నప్పుడే సరిచేయించుకోవాలి. ఆక్సిజన్‌ను మోసేది అదే.

– నుదుటిపై సెన్సర్లు అతికించి మెదడు ఆక్సిజన్‌ను గమనించే పరికరం ఉందేమో మత్తు డాక్టరుగారిని అడగండి. మత్తుకు ముందున్న అంకె కంటే 20 శాతానికి మించి పడిపోతే సాధారణంగా హెచ్చరికగా తీసుకుంటారు; అయితే పరికరం ఉన్నంత మాత్రాన మతిమరుపు రాదన్న హామీ లేదు.

– కళ్లజోడు, వినికిడి యంత్రం సంచిలో పెట్టుకోండి. కనబడక, వినబడక పెరిగే అయోమయం కొంత తగ్గుతుంది.