సోలార్ పాంప్లెట్ చేతికొస్తే ముందు స్టార్ గుర్తు వెతకండి

మొన్న విశాఖ ఎంవీపీ కాలనీలో మా ఇంటికొచ్చే పేపర్ మధ్యలో ఒక సోలార్ పాంప్లెట్ పెట్టి వేశారు. ‘కరెంటు బిల్లు సున్నా’ అని అరచేతంత అక్షరాలు, ఆ సున్నా పక్కన చీమ తలకాయంత స్టార్. అసలు సంగతులన్నీ ఆ స్టార్ కిందే ఉంటాయి. ఫిక్స్‌డ్ ఛార్జీ ఎక్కడికీ పోదు మరి.

ఎక్కువ మంది బోల్తా పడేది సబ్సిడీ దగ్గర. ఇళ్ల మీద సోలార్‌కు కేంద్రం సబ్సిడీ ఇచ్చే పీఎం సూర్యఘర్ పథకంలో రెండు కిలోవాట్ల వరకు కిలోవాట్‌కు 30 వేలు, మూడు కిలోవాట్లకు మొత్తం 78 వేలు, ఆపైన ఎంత పెద్దది పెట్టించినా అంతే. అది కూడా ప్యానెళ్లు బిగించి, నెట్ మీటర్ (మనం వాడుకున్న కరెంటు, లైన్‌లోకి పంపిన కరెంటు రెండూ లెక్కపెట్టేది) పెట్టాక మీ బ్యాంకు ఖాతాలోనే పడుతుంది, కాబట్టి ‘సబ్సిడీ మేం ఇప్పిస్తాం, ముందు ఐదు వేలు కట్టండి’ అన్నవాడికి టీ ఇచ్చి పంపేయండి. వెండర్ పేరు పథకం పోర్టల్‌లో ఉందో లేదో చూసుకోండి, అనుమానముంటే మనకు కరెంటు ఇచ్చే ఈపీడీసీఎల్ ఆఫీసులో అడగండి.

కిలోవాట్‌కు రోజుకు సగటున నాలుగు యూనిట్లు వస్తాయి. ఎనిమిది అని రాస్తే అబద్ధమే.

‘కరెంటు పోయినా ఫ్యాన్ ఆగదు’ అంటే బ్యాటరీ ఏదని అడగండి. బ్యాటరీ లేని ఆన్‌గ్రిడ్ సిస్టమ్ (వీధి కరెంటు లైన్‌కు కలిపి నడిచేది), లైన్‌మన్‌కు షాక్ కొట్టకుండా, సప్లై పోగానే తనూ ఆగిపోతుంది. 2014 హుద్‌హుద్ తుఫాను లాంటిది మళ్లీ వస్తే పైన ఎండ కాస్తున్నా ఇంట్లో ఫ్యాన్ తిరగదు.

25 ఏళ్ల వారంటీ ప్యానెళ్లకే, ఇన్వర్టర్‌కు చాలా తక్కువ. మన సముద్రపు గాలికి ముందు తుప్పు పట్టేది స్టాండు, దాని ఊసు పాంప్లెట్‌లో ఉండదు, గాల్వనైజింగ్ (తుప్పు పట్టకుండా ఇనుముకు వేసే జింక్ పూత) ఎంత మందమో కొటేషన్‌లో రాయించుకోండి.