“మీరెళ్ళి రండి, నేను బ్యాగులు చూసుకుంటా”: పార్కు ట్రిప్‌లో సమస్య - పరిష్కారం

విశాఖ నుంచి పిల్లల్ని అమ్యూజ్‌మెంట్ పార్కుకి తీసుకెళ్ళే ఇళ్ళలో చాలాచోట్ల ఒకరు మొహం ముడుచుకునే బయల్దేరతారు. ఎక్కువగా నాన్న, కొన్నిసార్లు అమ్మ. “ఆయనకి సరదా అంటే పడదు”, “ఆవిడకి అన్నీ దండగ ఖర్చులే” అని మిగతావాళ్ళు తీర్పు చెప్పేస్తారు. ఆ తీర్పు తప్పడమే ఎక్కువ. టికెట్లు ఆన్‌లైన్‌లో తీయడం, రూమ్ బుక్ చేయడం మీకు వచ్చనే అనుకుని రాస్తున్నా.

సమస్య: గేటు దాటిన గంటకే చిరాకు, ప్రతిదానికీ విసుగు

ముందు రాత్రి ఎన్ని గంటలు పడుకున్నారో అడగండి. ఈ ఒక్క ప్రశ్న వేయకుండా మనిషి స్వభావం మీదకి వెళ్ళిపోతారు, ఎన్నిసార్లు చెప్పినా ఇంతే.

మనవాళ్ళ ప్లాన్ మారదు. సాయంత్రం గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కాలి, తెల్లారేసరికి సికింద్రాబాద్‌లో దిగాలి, రిటైరింగ్ రూమ్‌లో స్నానాలు కానిచ్చి నేరుగా హైదరాబాద్ శివార్లలో రావిర్యాలలో ఉన్న వండర్‌లా పార్కుకి పోవాలి. ఒక రాత్రి రూమ్ అద్దె మిగులుతుందని లెక్క. పిల్లలు బెర్తు మీద హాయిగా పడుకుంటారు. పెద్దవాళ్ళలో ఒకరు సామాను మీద ఓ కన్నేసి, స్టేషన్ దాటిపోతుందేమోనని ఇంకో కన్ను తెరిచి కూర్చుంటారు. మర్నాడు పార్కులో చిటపటలాడేది ఆ ఒకరే.

దిగిన రోజు పార్కు పెట్టుకోకండి. పొద్దున్నే బయల్దేరే వందే భారత్ మధ్యాహ్నానికల్లా సికింద్రాబాద్ చేరుస్తుంది. సాయంత్రం విశ్రాంతి తీసుకుని పార్కు మర్నాడు చూడండి. ఆ బండి రోజూ నడవదు, మీ తేదీకి ఉందో లేదో ముందే చూసుకోండి. హైదరాబాదే పట్టుబట్టి వెళ్ళాలని లేదు. 2024లో భువనేశ్వర్‌లో కూడా వండర్‌లా తెరిచారు. సికింద్రాబాద్ మనకి సుమారు 700 కిలోమీటర్లయితే భువనేశ్వర్ 440. మధ్యాహ్నం వందే భారత్ ఎక్కితే రాత్రి భోజనం వేళకి దిగి, కడుపునిండా పడుకుని, మర్నాడు తీరిగ్గా వెళ్ళొచ్చు.

సమస్య: డ్రై రైడ్ల దగ్గర బాగానే ఉంటారు, నీళ్ళ దగ్గరికి రాగానే బెంచీ వెతుక్కుంటారు

కారణం బట్టలు. వాటర్ రైడ్లకి నైలాన్ లేదా పాలియెస్టర్ బట్టలే ఒప్పుకుంటారు. చీర, కాటన్ చుడీదార్, జీన్స్ వేసుకుంటే దిగనివ్వరు. ఈ సంగతి అక్కడ బోర్డు మీద చదివి తెలుసుకున్న ఆవిడ, దొరికిన పొట్టి డ్రెస్ వేసుకుని వందమందిలో నడవలేక “నాకు జలుబుగా ఉంది, మీరు కానివ్వండి” అంటుంది. పొట్ట వచ్చిన మగవాళ్ళదీ ఇదే బాధ, కాకపోతే వాళ్ళు మోకాలి నొప్పి అంటారు.

బయల్దేరడానికి వారం ముందే పొడుగు చేతులు, పాదాల దాకా ప్యాంటు, పైన మోకాళ్ళ దాకా స్కర్టు ఉన్న నైలాన్ స్విమ్ సూట్ కొనండి. జగదాంబ వైపు స్పోర్ట్స్ షాపుల్లో అడగండి, లేకపోతే ఆన్‌లైన్‌లో తెప్పించుకోండి. ఇంట్లో వేసుకుని షవర్ కింద తడిసి చూడాలి. తడిస్తే ఒంటికి అతుక్కుపోతుంటే ఒక సైజు పెద్దది తీసుకోండి. రంగు ముదురుగా ఉండాలి.

సమస్య: ఒక్క రైడ్ ఎక్కి దిగాక మౌనం. “నాకు ఇంట్రెస్ట్ లేదు, మీరెళ్ళండి”

అసలు దొంగ ఇక్కడ ఉంది. దీన్ని భయం అనుకుంటారు, బద్ధకం అనుకుంటారు, “పిల్లల కోసం ఆ మాత్రం చేయలేరా” అని గొడవపడతారు. చాలాసార్లు అది కడుపులో తిప్పడం, అంతే. ఘాట్ రోడ్డు మీద వచ్చే వాంతి బాధే. నలభై దాటిన మనిషి, అందులోనూ పిల్లల ముందు, “నాకు వికారంగా ఉంది” అని చెప్పడు. ఇంట్రెస్ట్ లేదంటాడు.

ఇంట్లోవాళ్ళు దీన్ని కనిపెట్టలేకపోవడానికి ఒక కారణం ఉంది. “ఆయనకి కళ్ళు తిరగడమేంటి, అరకు దాకా కారు ఆయనే నడుపుతారు!” అంటారు. నడుపుతారు కాబట్టే తిరగవు. ఎప్పుడు బ్రేకు పడుతుందో, మలుపు ఎటు తిరుగుతుందో డ్రైవింగ్ చేసేవాళ్ళకి ముందే తెలుస్తుంది, ఒళ్ళు దానికి తగ్గట్టు సర్దుకుంటుంది. అదే మనిషిని ఎస్.కోట దాటాక అనంతగిరి ఘాట్‌లో వెనక సీట్లో కూర్చోబెడితే కథ వేరు. ప్రయోగం చేయనక్కర్లేదు, గుర్తు తెచ్చుకుంటే చాలు. స్టీరింగ్ ఇంకొకరికి ఇవ్వడానికి ఎప్పుడూ ఒప్పుకోరా? పక్క సీట్లో కూర్చున్నప్పుడు అద్దం దించుతారా? మాటలు ఆగిపోయి ఆవులింతలు, ఉమ్మి మింగడం, నుదుటి మీద చల్లటి చెమట కనిపిస్తాయా? గాలికొండ రాగానే “కాసేపు ఆపు, టీ తాగుదాం” అంటారా? ఎగ్జిబిషన్‌లో కొలంబస్ (ఓడ ఊయల) దగ్గర ఎప్పుడూ టికెట్లు కొనిపెట్టి తను ఎక్కని మనిషేనా? వీటిలో రెండింటికి అవును అంటే జబ్బు దొరికినట్టే. మైగ్రేన్ ఉన్నవాళ్ళయితే అనుమానం ఇంకా గట్టిది.

ఇక్కడే చాలామంది కొంప ముంచుకుంటారు. “పాపం భయపడుతున్నారు, ముందు చిన్నది ఎక్కిద్దాం” అని తీసుకెళ్ళి టీ కప్పులు తిరిగే రైడ్‌లోనో, సీట్లు కదిలే త్రీడీ థియేటర్‌లోనో కూర్చోబెడతారు. ప్రేమతో చేసే పనే, కానీ వికారానికి అంతకంటే దగ్గరి దారి లేదు. గుండ్రంగా తిరిగేటప్పుడు లోపలి చెవి నాళాల్లో ద్రవం కూడా తిరగడం మొదలుపెడుతుంది. కప్పు ఆగాక కూడా అది కాసేపు కదులుతూనే ఉంటుంది. నిలబడ్డామని కళ్ళు చెప్తుంటే, ఇంకా తిరుగుతున్నామని చెవి చెప్తుంది. త్రీడీ థియేటర్‌లో దీనికి తలకిందులు: కళ్ళ ముందు లోయలు దూసుకుపోతుంటాయి, ఒళ్ళు మాత్రం దాదాపు ఉన్నచోటే ఉంటుంది. చూడ్డానికి భయంకరంగా ఉండే రోలర్ కోస్టర్ నిమిషం, రెండు నిమిషాల్లో అయిపోతుంది. దాన్ని తట్టుకునేవాళ్ళు కూడా టీ కప్పు దగ్గర పడిపోతారు. ఒకసారి వికారం మొదలైతే గంటల తరబడి వదలదు కాబట్టి పదకొండున్నరకి చేసిన తప్పు సాయంత్రం దాకా ఉంటుంది.

రైడ్లని పెద్దవి, చిన్నవి అని కాకుండా తిరిగేవి, తిరగనివి అని విడదీయండి. తిరిగేవన్నీ, సీట్లు కదిలే తెరలన్నీ ఆ మనిషి జాబితాలోంచి తీసేయండి. తిరగనివాటిలో కోస్టర్ అయితే ముందు వరసలో కూర్చోవాలి, పట్టాలు ఎటు పోతున్నాయో కనిపిస్తుంది. తల వెనక్కి ఆనించి, చూపు ముందుకే పెట్టాలి. పిల్లలు బతిమాలి ఓడ ఊయల ఎక్కించాల్సి వస్తే మధ్య వరస. రెండు కొసలే ఎక్కువ ఎత్తుకి లేస్తాయి, మధ్యలో ఊపు తక్కువ. త్రీడీ తప్పకపోతే వికారం మొదలవగానే కళ్ళు మూసుకోవాలి. ఇలాంటి రైడ్లు రెండు అయ్యాక నీళ్ళలోకి పంపండి. లేజీ రివర్ (మెల్లగా పారే నీళ్ళలో తేలుతూ పోవడం), స్లైడ్లు, నడుము లోతు నీళ్ళలో కాళ్ళు నేలకి ఆనించి వేవ్ పూల్, వీటితో చాలామందికి ఇబ్బంది ఉండదు. మనిషి నవ్వడం మీకు కనిపించేది ఇక్కడే.

టిఫిన్ మానేయకూడదు, ఖాళీ కడుపు వికారాన్ని పెంచుతుంది. పూరీలు తిన్నా అంతే. గేటు తెరిచే గంటన్నర ముందు రెండు మూడు ఇడ్లీలు చాలు. మధ్యాహ్నం పెరుగన్నం తిని గంటసేపు ఏ రైడూ ఎక్కకూడదు. బిర్యానీ రాత్రికి పెట్టుకోండి.

మాత్ర అంటే మనవాళ్ళకి తెలిసింది అవోమిన్. వికారం వచ్చాక వేసుకుంటే పెద్దగా పనిచేయదు, గంటో రెండు గంటలో ముందే వేసుకోవాలి. మత్తుగా ఉంటుంది కాబట్టి ఆ రోజు కారు నడపకూడదు. గ్లకోమా, ప్రొస్టేట్ సమస్య ఉన్నవాళ్ళు, నిద్రమాత్రలు వాడేవాళ్ళు డాక్టర్‌ని అడగకుండా వేసుకోవద్దు. పార్కులో మొదటిసారి వేసుకోకండి. ముందే ఇంట్లో ఒక సెలవు రోజు వేసుకుని మత్తు ఎంతుంటుందో చూసుకోండి. మత్తు ఎక్కువైతే మాత్ర వద్దు, తిరిగే రైడ్లు మానడమే మందు.

ఇంత చెప్పినా వికారం మొదలైతే నీడలో కూర్చోబెట్టి, పాదాలు నేలకి ఆనించి, దూరంగా కదలని దాన్ని దేన్నైనా చూడమనండి. చల్లటి నీళ్ళు గుక్కగుక్కగా తాగాలి. ఫోన్ చేతికివ్వకండి. అరగంటకి తగ్గినట్టే అనిపిస్తుంది, అప్పుడు “ఇంకొక్కటి” అని లేవదీస్తే మళ్ళీ మొదటికి వస్తుంది.

సమస్య: ఫోటోల్లో ఆ మనిషి ఎక్కడా ఉండరు

బ్యాగుల కాపలా అప్పజెప్పారు మరి. లాకర్ తీసుకోండి. చెప్పులు, పర్సు, నాలుగు ఫోన్లు పట్టుకుని ఎండలో నిలబడ్డ మనిషికి పార్కు నచ్చాలనుకోవడం అన్యాయం.

సమస్య: ధర వినగానే “పిల్లలకి ఆర్కే బీచ్ చాలు”

శని, ఆదివారాలు, పండగ సెలవులు వదిలి మామూలు రోజున వెళ్ళండి. టికెట్ తక్కువ, క్యూలూ తక్కువ. పిల్లల టికెట్ వయసుతో కాదు, ఎత్తుతో ఉంటుంది: వండర్‌లాలో 85 సెంటీమీటర్ల లోపు ఉచితం, 140 దాటితే పెద్దవాళ్ళ టికెట్టే. ఇంట్లోనే గోడకి నిలబెట్టి కొలవండి. లేకపోతే కౌంటర్ దగ్గర అదనంగా కట్టాల్సి వచ్చి, ఖర్చు గొణుగుడు అక్కడే మొదలవుతుంది. బయటి తిండి రానివ్వరు కాబట్టి భోజనం ఖర్చు కూడా ముందే చెప్పేయండి.

అరుదైనవి

నిజంగా ఎత్తు భయం ఉన్నవాళ్ళు తక్కువ. కైలాసగిరి రోప్‌వేలో కిందకి చూడగలిగినవాళ్ళకి అది లేనట్టే. గుండె జబ్బు, అదుపులో లేని బీపీ, మెడ లేదా నడుము సర్జరీ, గర్భం ఉంటే రైడ్ ముందు బోర్డు చెప్పిందే మాట, బతిమాలొద్దు. అలాంటివాళ్ళు ఉన్న ఇంటికి వండర్‌లా కన్నా రామోజీ ఫిల్మ్ సిటీ నయం. సెట్లు, షోలు, బస్సు టూరుతోనే రోజంతా గడుస్తుంది, ఒక్క రైడ్ ఎక్కకపోయినా టికెట్ దండగ అనిపించదు. ఆ బస్సులో మాత్రం కడుపులో తిప్పే మనిషిని ముందు వైపు కూర్చోబెట్టండి.